చిక్కపేట మీదుగా మొదటి సెమిస్టరు



చిక్కపేట అనగానే మనవాళ్లకు పెళ్లిపనులు గుర్తొస్తాయి. హిందూపురం, అనంతపురం, మదనపల్లె, చిత్తూరు వైపు ఇళ్లలో ముహూర్తం పెట్టుకోగానే తెల్లవారే బస్సెక్కి బెంగళూరు రావడం, చిక్కపేటలో పట్టుచీరలు తీసుకోవడం, రాత్రికి మూటలతో ఇల్లు చేరడం తరాలుగా ఉన్న అలవాటే. అయితే జులై నుంచి అక్టోబరు దాకా ఈ పేటకు ఇంకో రకం జనం వస్తారు. వాళ్లకు చీరలతో పని లేదు. భుజాన సంచి, చేతిలో ఫోను, ఫోనులో మ్యాపు, పక్కన ట్రాఫిక్ చూసి బెదిరిపోతున్న నాన్న. ఒక బకెట్టు, ఒక తాళంకప్ప, పొడుగాటి ఎక్స్‌టెన్షన్ బాక్సు, గంట కొట్టే గడియారం కొనుక్కుని వెళ్తుంటారు. అప్పుడే కాలేజీలో చేరిన పిల్లలు. ఈ పూట వాళ్ల గురించి మాట్లాడుకుందాం.

పేట ఎక్కడుందో చూడండి. ఒక పక్క మెజెస్టిక్. బస్సు దిగినా, రైలు దిగినా కొత్తవాడు ముందు అడుగుపెట్టేది అక్కడే. ఇంకో పక్క కె.ఆర్. మార్కెట్, దాన్ని ఆనుకుని 1900లో తెరిచిన విక్టోరియా ఆసుపత్రి, ఆ పక్కనే మెడికల్ కాలేజీ. అవెన్యూ రోడ్డు చివరిదాకా నడిస్తే మైసూరు బ్యాంకు సర్కిలు, అది దాటితే 1858లో మొదలైన సెంట్రల్ కాలేజీ. 2017లో విడిగా ఏర్పడ్డ బెంగళూరు సిటీ విశ్వవిద్యాలయం ఆ ప్రాంగణంలోనే ఉంది. ఇంకాస్త పోతే కె.ఆర్. సర్కిల్లో 1917 నాటి ఇంజనీరింగు కాలేజీ. 1537లో కెంపేగౌడ ఊరికి పునాది వేసినప్పుడు ఏర్పడ్డ రెండు ముఖ్యమైన వీధులు దొడ్డపేట, చిక్కపేట. దొడ్డపేటే ఇవాళ్టి అవెన్యూ రోడ్డు. ఆ కెంపేగౌడ గంగాగౌరీ విలాసం అని తెలుగులో ఒక యక్షగానం రాశాడని ప్రసిద్ధి. కాబట్టి ఇక్కడ తెలుగు వినబడితే ఎవరూ వింతగా తల తిప్పి చూడరు. కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ, మార్వాడీ ఒకే కొట్లో బేరమాడుకుంటాయి.

మన తెలుగు పిల్లవాడు ఇక్కడికి ఎలాంటి బతుకులోంచి వస్తాడో ముందు చెప్పుకోవాలి. ఇంటరు రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీ. తెల్లవారుజామున గంట కొడితే లేవడం, స్టడీ అవరు, టిఫిను, క్లాసులు, మళ్లీ స్టడీ అవరు, వారాంతంలో పరీక్ష, గోడమీద ర్యాంకుల పట్టిక. ఎప్పుడు పడుకోవాలో, ఎప్పుడు ఇంటికి ఫోను చెయ్యాలో కూడా ఇంకొకరే చెప్తారు. ఆ పిల్లవాడికి కష్టపడటం రాదని ఎవరూ అనలేరు. కష్టపడటం తప్ప ఇంకేదీ నేర్చుకునే తీరిక ఇవ్వలేదు, అంతే. అలాంటివాడు నేరుగా వచ్చి బెంగళూరులో ఒక పీజీలో దిగుతాడు. పెద్దవాళ్ల కోసం చెప్తున్నాను, పీజీ అంటే ఇక్కడ పైచదువు కాదు, పేయింగ్ గెస్టు హాస్టలు; ముగ్గురికో గది, తిండితో కలిపి నెలకింతని. పొద్దున ఎవరూ గంట కొట్టరు. క్లాసు ఎగ్గొడితే సాయంత్రానికల్లా నాన్నకు ఫోను పోదు. మొదటి వారం స్వర్గం. మూడో వారం వచ్చేసరికి మధ్యాహ్నం రెండింటికి మంచంమీద పడుకుని, లేవాల్సిన అవసరం ఏమిటో తోచక, ఫోనులో వేలు ఆడిస్తూ ఉంటాడు.

దీన్ని మనం 'వాడు అడ్జస్ట్ కాలేకపోతున్నాడు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం, లోపమంతా వాడి ఒంట్లో ఉన్నట్టు. మార్క్ సావికాస్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఈ సర్దుబాటు శక్తిని విడదీసి చూశాడు. రేపటి గురించి పట్టింపు ఒకటి, పగ్గాలు నా చేతిలో ఉన్నాయన్న పట్టు ఒకటి, చుట్టూ ఏముందో తెలుసుకునే కుతూహలం ఒకటి, చెయ్యగలనన్న ధీమా ఒకటి. ఇవేవీ పుట్టుకతో వచ్చి అలాగే ఉండిపోయేవి కావు, అవకాశం ఉన్నచోట పెరుగుతాయి అంటాడు. ఆయన చదువులూ ఉద్యోగాల మలుపుల గురించి చెప్పిన మాటే అయినా మన ఇంటరుకు పెట్టి చూస్తే నాకు ఒకటి తోస్తుంది. ఆ రెండేళ్లలో మొదటిదాన్ని విపరీతంగా పెంచి, రెండోదాన్ని పూర్తిగా లాగేసుకుంటున్నాం. రేపటి గురించి బెంగ కొండంత, పగ్గాలు మాత్రం వార్డెను చేతిలో.

ఇక తృప్తి సంగతి. దాన్నీ కొలుస్తారు. 1985లో ఎడ్ డీనర్ అనే మనస్తత్వవేత్త, ఆయన తోటివాళ్లూ ఐదే ఐదు వాక్యాలతో ఒక కొలత తయారుచేశారు. ఒక్కో వాక్యానికి 1 నుంచి 7 దాకా ఒక అంకె వెయ్యాలి. కూడితే తక్కువలో తక్కువ 5, ఎక్కువలో ఎక్కువ 35. ఆ ఐదింట్లో మార్కుల ఊసు లేదు, ప్యాకేజీ ఊసు లేదు, హాస్టల్లో సాంబారు ఎలా ఉందన్న ప్రశ్నా లేదు. మొత్తంమీద నీ బతుకు నువ్వు కోరుకున్నట్టే ఉందా అనే అడుగుతుంది. మూడేళ్ల తర్వాత, 1988లో, గ్రెగరీ జిమెట్ బృందం మనిషికి ఉన్న అండను కొలవడానికి 12 వాక్యాల కొలత ఒకటి తెచ్చింది. కుటుంబం, స్నేహితులు, మనసుకు దగ్గరైన మనిషి, ఈ మూడు వైపుల నుంచీ. నిన్న నీకెవరు ఎంత సాయం చేశారని అది లెక్క అడగదు. అవసరమొస్తే ఉన్నారన్న నమ్మకం ఉందా అని అడుగుతుంది. తృప్తితో ఎక్కువగా ముడిపడేది ఈ నమ్మకమే; చేతికందిన సాయం లెక్క అంతగా ముడిపడదని పరిశోధకులు పదే పదే చూశారు. వినగానే వింతగా ఉంటుంది. సాయం అందితే మేలు జరగాలి కదా?

దీనికి జవాబు వెతకడానికి ఒక పాత విద్యార్థి దగ్గరికి పోదాం. చిక్కపేటలో గ్రీన్ లైను మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో పర్పుల్ లైనుకు మారి విధానసౌధ వైపు పోతే వచ్చే మొదటి స్టేషను పేరు సర్ ఎం. విశ్వేశ్వరయ్య స్టేషన్, సెంట్రల్ కాలేజ్. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పెద్దల ఊరు మన గిద్దలూరు వైపు మోక్షగుండం. ఆయన పుట్టింది చిక్కబళ్లాపురం దగ్గర ముద్దేనహళ్లిలో. ఆయన చిన్నతనంలోనే తండ్రి పోయాడు. చదువుకోవడానికి బెంగళూరు వచ్చినప్పుడు చేతిలో డబ్బు లేదు. ఊళ్లో మేనమామ రామయ్య ఉన్నాడు, అది మొదటి అండ. కానీ మేనమామ ఇంటిమీదే పూర్తిగా ఆధారపడలేదు. మైసూరు ప్రభుత్వ కొలువులో ఉన్న ఒక కొడగు కుటుంబంలో పిల్లలకు పాఠాలు చెప్పి, దానితో తన చదువు నడుపుకున్నాడు. భాష వేరు, కులం వేరు, ఇంటి తీరు వేరు. సెంట్రల్ కాలేజీలో ప్రిన్సిపాల్ చార్లెస్ వాటర్స్ అనే ఇంగ్లీషాయన ఈ కుర్రవాడి లెక్కల తెలివి కనిపెట్టి అభిమానించాడు, వెబ్‌స్టర్ నిఘంటువు కానుకగా ఇచ్చాడు. 1881లో బి.ఎ. పాసై, ప్రభుత్వ స్కాలర్‌షిప్పుతో పుణేలో ఇంజనీరింగు చదివాడు. ఇందాక చెప్పిన కె.ఆర్. సర్కిల్ కాలేజీ ఆయన మైసూరు దివానుగా ఉన్నప్పుడు పెట్టిందే.

ఈ కథ చెప్పేవాళ్లందరూ ఆయన పేదరికం దగ్గరా, పట్టుదల దగ్గరా ఆగిపోతారు. నా దృష్టి ఆ కొడగు ఇంటిమీద ఉంది. అక్కడ ఆయన తిండికోసం చేయి చాచలేదు. పాఠం చెప్పాడు, జీతం తీసుకున్నాడు. ఆ ఇంటికి ఈయన అవసరం ఉంది. ఆ గుమ్మంలోకి తలెత్తుకుని పోగలిగాడు.

అదే కాలంలో మన ఊళ్లలో వారాలు చేసుకుని చదువుకున్న పిల్లలు ఎందరో. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. కన్నడంలో వారాన్నం అంటారు. ఆ అన్నం లేకపోతే ఆ చదువులే లేవు, అది ఒప్పుకోవాల్సిందే. కానీ వారాలు చేసుకున్న పెద్దలు ముసలితనంలో కూడా మర్చిపోనిది అన్నం రుచి కాదు. వడ్డించేటప్పుడు ఇల్లాలి ముఖం ఎలా ఉందన్నది. ఏ ఇంట్లో మజ్జిగ పలచన, ఏ ఇంట్లో రెండోసారి అడిగే ధైర్యం లేదు, ఇవే చెప్పేవారు. ఆ తర్వాత హాస్టళ్లు వచ్చాయి. మెజెస్టిక్ దగ్గర గుబ్బి తోటదప్ప అనే దాత 1903లో కట్టించిన సత్రం, దానితోపాటు నడిచిన ఉచిత విద్యార్థి నిలయం. హైదరాబాదులో 1918లో రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పూనికతో ఏర్పడ్డ రెడ్డి హాస్టలు. వీటి మేలు ఏమిటంటే ఇక్కడ కుర్రవాడు ఎవరి ఇంటికీ అతిథి కాదు. నలుగురితోపాటు తన కంచం తనది. వీటి లోటూ అందరికీ తెలిసిందే. చాలావరకు ఏ కులం హాస్టలు ఆ కులం పిల్లలకే. హాస్టలు పెట్టుకునే డబ్బు లేని కులాల పిల్లలు సర్కారు హాస్టళ్లు వచ్చేదాకా గుమ్మం బయటే ఉండిపోయారు.

ఆ వారాల పిల్లవాడు పడ్డ ఇబ్బంది ఇవాళ పరిశోధనల్లో కూడా తేలింది. 2000లో వెలువడ్డ ఒక పరిశోధనలో నీల్ బోల్గర్ అనే మనస్తత్వవేత్త న్యూయార్కులో లాయరు పరీక్షకు చదువుతున్నవాళ్లనూ, వాళ్ల జీవిత భాగస్వాములనూ ఏ రోజుకారోజు డైరీ రాయమన్నాడు. ఈరోజు నీకు సాయం అందిందా అని ఒకరిని, ఈరోజు నువ్వు సాయం చేశావా అని ఇంకొకరిని అడిగాడు. కొన్ని రోజుల్లో చేసినవాళ్లు చేశామన్నారు, అందుకున్నవాళ్లకు మాత్రం అది సాయమని తెలియలేదు. మనసు తేలికపడింది అలాంటి సాయంతోనే. నాకు సాయం చేస్తున్నారు అని తెలిసిన రోజుల్లో బెంగ తగ్గకపోగా ఒక్కోసారి కాస్త పెరిగింది. నేను చెయ్యలేనని వీళ్లకు అర్థమైపోయింది కాబోలు అన్న ముల్లు ఎక్కడో గుచ్చుకుంటుంది మరి.

ఇది చదివాక నాకు చిక్కపేట పక్కన ఎస్.పి. రోడ్డు కొత్తగా కనబడింది. సదర్ పత్రప్ప రోడ్డు. ఎలక్ట్రానిక్ సామాన్లకు ఊరంతా అక్కడికే పోతుంది. ఇరుకు కొట్టు. గోడలనిండా చిన్న చిన్న ప్లాస్టిక్ అరలు. కౌంటరు ముందు ఒక అమ్మాయి, మొదటి సంవత్సరమే అయి ఉంటుంది. చీటీ చూసి "టెన్ కే రెసిస్టర్లు కావాలి" అంది. కొట్టాయన తల ఎత్తకుండానే "క్వార్టర్ వాటా, హాఫ్ వాటా?" అన్నాడు. అమ్మాయి చీటీ తిప్పి చూసింది. చీటీలో లేదు. ముఖం ఎర్రబడింది. వెనక క్యూలో నలుగురు మగపిల్లలు. కొట్టాయన రెండు క్షణాలు ఆగి, "ఏం ప్రాజెక్టమ్మా, ఎల్‌ఈడీలా? ఆర్డుయినోనా? అయితే అందరూ క్వార్టరే తీసుకెళ్తారు" అని ఒక పొట్లం కట్టి, ఎల్‌ఈడీలు నాలుగు అడిగితే ఆరు వేశాడు. "రెండు కాలిపోతాయి, అందరివీ కాలిపోతాయి" అన్నాడు. అమ్మాయి నవ్వింది. "థ్యాంక్స్ అణ్ణా" అని వెళ్లిపోయింది.

ఆ మాటల్లో 'అందరూ' ఎన్నిసార్లు వచ్చిందో గమనించారా? నీకు తెలియదు అన్నది ఒక్కసారి కూడా రాలేదు. ఆయన ఆ అమ్మాయికి సాయం చేద్దామనుకున్నాడో లేదో నాకు తెలియదు; వచ్చే బేరం పోకూడదనే అనుకుని ఉంటాడు. అదే మంచిది. బేరంలో కలిసిపోయిన సాయానికి రుణం ఉండదు.

అవెన్యూ రోడ్డు పాతపుస్తకాల కొట్లవాళ్లదీ ఇదే తీరు. "ఏ సెమ్ము, ఏ స్కీము?" అని అడిగి, సిలబస్ మారిన పుస్తకమైతే "ఇది వద్దు, పోయినేడాదిది" అని పక్కన పడేస్తారు. సెమిస్టరు అయ్యాక తెచ్చిస్తే కొంత డబ్బు తిరిగిస్తారు. మార్జిన్లో సీనియరు పెన్సిలుతో గీసిన గీతలు ఉచితం. ఏ లెక్చరరూ చెప్పని సంగతి ఒకటి ఆ గీతల్లో ఉంటుంది, పరీక్షలో ఏది వస్తుందన్నది.

మన పిల్లలకు బెంగళూరులో ఇంకో పెద్ద అండ ఉంది, సాటి తెలుగువాళ్లు. పీజీ యజమాని నెల్లూరాయన, వంటాయన ప్రకాశం జిల్లా, రూమ్మేట్లు కడప, కర్నూలు. పప్పు, ఆవకాయ, గోంగూర. మొదటి రెండు నెలలు ఇది ప్రాణం నిలబెడుతుంది. గుంటూరు వైపు నుంచి వచ్చినవాడికి ఇక్కడి సాంబారులో బెల్లం తగిలితే కళ్లనీళ్లే. అనంతపురం పిల్లవాడికి కొంత నయం, మన రాగిసంగటే ముద్దె అన్న పేరుతో ఎదురొస్తుంది. కానీ మూడో సంవత్సరానికి కూడా తెలుగు గది, తెలుగు మెస్సు, తెలుగు సినిమా, శనివారం రాత్రి ఊరి బస్సు, ఇంతే అయితే వాడు బెంగళూరులో చదివాడని నేననను. తెలుగు గదిలో కన్నీళ్లు తుడుచుకోవచ్చు. ఇంటర్న్‌షిప్ కబురు, ల్యాబులో జోడీ, ఊళ్లో ఏ డాక్టరు మంచివాడన్న సమాచారం మాత్రం గది బయటివాళ్ల దగ్గర ఉంటాయి. విశ్వేశ్వరయ్యకు మేనమామ ఇల్లూ ఉంది, కొడగు ఇల్లూ ఉంది. రెండూ కావాలి. పైగా మనకు ఇక్కడ కష్టం తక్కువ. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువు. తలకట్టు కాస్త వేరుగా ఉంటుంది గానీ బస్సు బోర్డు మీద మెజెస్టిక్, మార్కెట్ కూడబలుక్కుని చదవడం తెలుగు వచ్చినవాడికి వారం రోజుల పని. ఒడిశా నుంచో బీహారు నుంచో వచ్చిన క్లాస్‌మేటుకు ఆ బోర్డు మనవాడే చదివిపెట్టవచ్చు. చదివిపెట్టిన రోజున ఈ ఊరు కొంచెం వాడిది అవుతుంది.

ఈ చివరి మాట నా ఊహ కాదు. గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు అమెరికాలో చేసిన పని 2011లో సైన్స్ పత్రికలో వచ్చింది. కాలేజీలో చేరిన కొత్త పిల్లలకు సీనియర్ల అనుభవాలు చదివించారు. మొదట్లో మేమూ ఇక్కడివాళ్లం కామనిపించింది, అందరికీ అలాగే ఉంటుంది, మెల్లగా పోయింది అని వాటి సారం. తర్వాత అసలు కిటుకు. "ఇప్పుడు నీ సంగతి రాసివ్వు, వచ్చే ఏడాది వచ్చేవాళ్లకు చూపిస్తాం" అన్నారు. అంటే ఆ పిల్లలు తాము సాయం పొందుతున్నామనుకోలేదు, చేస్తున్నామనుకున్నారు. అంతా కలిపి గంటసేపటి పని. మూడేళ్లు గడిచాక చూస్తే, ఆ కాలేజీలో తాము పరాయివాళ్లమేమోనన్న అనుమానం ఎక్కువగా ఉండే నల్లజాతి విద్యార్థుల మార్కులు పెరిగాయి, తెల్లవాళ్లతో ఉన్న తేడా సగానికి తగ్గింది. ఆ గంటసేపు పనివల్లే ఇదంతా అని వాళ్లలో చాలామంది అనుకోనేలేదు. మన కాలేజీల్లో ఇండక్షన్ కార్యక్రమాలు జరుగుతాయి. ముఖ్య అతిథి, శాలువా, బయోడేటా, పాతికేళ్ల కిందట తాను ఎలా కష్టపడ్డాడో చెప్పే ఒక పారిశ్రామికవేత్త. ఆయన స్థానంలో పోయిన సెమిస్టరు మ్యాథ్స్‌లో తప్పి మళ్లీ రాసి పాసైన రెండో సంవత్సరం పిల్లను కూర్చోబెడితే శాలువా ఖర్చు కూడా మిగులుతుంది.

అన్ని కష్టాలూ పేట వీధుల్లో తీరేవి కావు. నిద్ర పట్టదు, తిండి సయించదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, బతకాలనిపించడం లేదు అనే దాకా వస్తే అది సర్దుబాటు సంగతి కాదు, వైద్యం సంగతి. 14416 అనే నంబరు ఉంది. టెలి మానస్ అంటారు. 2022 అక్టోబరులో మొదలైంది. దీనికి దారి చూపే మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ ఈ ఊళ్లోనే, హోసూరు రోడ్డులో ఉంది. రాత్రయినా, పగలయినా చెయ్యవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. ర్యాగింగ్ అయితే 1800 180 5522. ఈ రెండు నంబర్లూ పిల్లల ఫోన్లలో ఎక్కించమని తల్లిదండ్రులను కోరుతున్నాను.

తల్లిదండ్రులను ఇంకొకటి కూడా అడగాలి. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోను చేస్తారు. తిన్నావా? తిన్నాను. చదువుతున్నావా? చదువుతున్నాను. డబ్బులున్నాయా? ఉన్నాయి. ఆ మూడు జవాబులకూ వాడు ఫోను చెవి దగ్గర పెట్టుకోనక్కర్లేదు, స్పీకరులో పెట్టి ఆట ఆడుకుంటూనే చెప్పగలడు. ఈ ఆదివారం వాడినే మీరొక పని అడగండి. చెల్లెలికి వచ్చే ఏడాది ఏ బ్రాంచి పెట్టించాలో అడగండి. మేనత్త కూతురి పెళ్లికి చీరలకు వస్తున్నాం, మెజెస్టిక్‌లో దిగి చిక్కపేటకు మెట్రో ఎక్కాలా నడవాలా, ఏ గేటులోంచి బయటికి రావాలి, మధ్యాహ్నం భోజనం ఎక్కడ బాగుంటుంది అని అడగండి. మీకు తెలిసినా తెలియనట్టే అడగండి. జవాబు కాస్త పొడుగ్గానే వస్తుంది. మధ్యలో అడ్డు తగలకండి.